బాబాయి ఐఎన్‌ఆర్ 1.1 వచ్చింది, మందు మాత్రం పనిచేస్తూనే ఉంది

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మా, నా రిపోర్టు వచ్చింది, ఐఎన్‌ఆర్ 1.1 ఉంది, మందు అసలు ఎక్కట్లేదు, ఇవాళ్టి నుంచి పూటకి రెండేసి మాత్రలు వేసుకుంటున్నా" అన్నాడు. ఐఎన్‌ఆర్ అంటే మామూలుతో పోలిస్తే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె. మాత్రలు అప్పటికే అరచేతిలో ఉన్నాయట. నాకు గుండె ఆగినంత పనైంది. "బాబాయ్, ముందు ఆ రెండో మాత్ర డబ్బాలో వేసెయ్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. మూత పెట్టిన చప్పుడు వినేదాకా వేరే మాట మాట్లాడలేదు.

ఆయనకి గుండె లయ తప్పే జబ్బు ఉంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వాడేది అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రోజూ ఆయనతో నడకకి వచ్చే స్నేహితుడికి గుండెలో లోహపు వాల్వు వేశారు, ఆయన వాడేది వార్ఫరిన్. నెలనెలా పీటీ అనే గడ్డకట్టే పరీక్ష చేయించుకుంటాడు, అందులో వచ్చే ఐఎన్‌ఆర్ 2.5కి 3.5కి మధ్య ఉండేలా డాక్టరు మోతాదు చూసుకుంటారు. ఇద్దరం రక్తం పలచబడే మందే వాడుతున్నాం కదా, నువ్వెందుకు టెస్టు చేయించుకోవు అని ఆయన అడిగాడు, బాబాయి తనంతట తనే వెళ్లి చేయించుకున్నాడు, 1.1 చూసి హడలిపోయాడు. ఇందులో ఆ ఇద్దరి తప్పేమీ లేదు. "రక్తం పలచబడే మందు" అనే ఆ ఒక్క పేరు కింద అన్నిటినీ కలిపేసి చెప్పడమే అసలు తప్పు.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. పదిహేనేళ్లుగా నా రోజులో సగం ఎవరి రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూడటంతోనే గడిచిపోతుంది, అందుకే ఆ పలచన అనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. పాలల్లో నీళ్లు కలిపినట్టు ఈ మందులు రక్తాన్ని పలచన చెయ్యవు, చిక్కదనం ఎంత ఉందో అంతే ఉంటుంది. గడ్డకట్టే పనిని ఎక్కడో ఒకచోట పట్టుకుని ఆపుతాయి, అంతే. ఆ పట్టు ఎక్కడ అన్నదాన్నిబట్టే మిగతావన్నీ, ఏ టెస్టు పనికొస్తుంది, ఒక పూట మర్చిపోతే ఏమవుతుంది, రక్తం ఆగకుండా కారితే విరుగుడు ఏమిటి, అన్నీ.

ఇప్పుడు పీటీ లాంటి టెస్టులు మెషిన్లు చేసేస్తున్నాయి గానీ నేను నేర్చుకున్నది చేత్తో చెయ్యడం. నీలం మూత ట్యూబులో 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్ ఉంటుంది, దాంట్లోకి సరిగ్గా గీత దాకా 2.7 మిల్లీలీటర్ల రక్తం తియ్యాలి. రక్తంలోని కాల్షియాన్ని సిట్రేట్ పట్టేసుకుంటుంది, కాల్షియం లేకపోతే గడ్డకట్టే పని ముందుకు సాగదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది. 37 డిగ్రీల వేడి నీళ్లలో నిలబెట్టిన చిన్న గాజు గొట్టంలో ఆ ప్లాస్మా 0.1 మిల్లీలీటరు పోసి, కాల్షియం కలిపిన థ్రాంబోప్లాస్టిన్ (గడ్డకట్టడాన్ని మొదలుపెట్టించే రీఏజెంట్, అంటే పరీక్షలో వాడే పదార్థం) 0.2 మిల్లీలీటర్లు వేసి, స్టాప్‌వాచ్ నొక్కి, గొట్టాన్ని వెలుతురుకి పట్టి మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడాలి. ఎనిమిది, తొమ్మిది, పది, నీళ్లలా జారుతూనే ఉంటుంది. పన్నెండో సెకనుకి ఎక్కడినుంచో ఒక సన్నటి పోగు తళుక్కుమంటుంది, మరుక్షణం అంతా బిగుసుకుని గొట్టం వంచినా కదలదు. ఆ పోగు పేరే ఫైబ్రిన్. వార్ఫరిన్ వాడే మనిషి ప్లాస్మా అయితే పన్నెండు దాటుతుంది, పదిహేను దాటుతుంది, ఇరవై దాటుతుంది, ఇంకా జారుతూనే ఉంటుంది, ముప్పై దగ్గరికి వచ్చాకే పోగు కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఆ ఎదురుచూపు నాకు పాతబడలేదు.

థ్రాంబోప్లాస్టిన్ కంపెనీ మారితే ఈ సెకన్లు మారిపోతాయి. అందుకే 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సెకన్లని ఒక అంకెగా మార్చే ఐఎన్‌ఆర్ లెక్కని ప్రామాణికం చేసింది, ఏ ఊళ్లో ఏ ల్యాబ్‌లో చేసినా అంకె ఒకటే అర్థం చెప్పాలని. కానీ ఆ లెక్క కట్టింది వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్ల ప్లాస్మాతో. బాబాయి విషయంలో తేడా వచ్చింది సరిగ్గా అక్కడే.

గడ్డ ఎలా కడుతుందో కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. గడ్డకట్టించే ప్రోటీన్లనే ఫ్యాక్టర్లు అంటాం, వాటిని అంకెలతో పిలుస్తాం. రక్తనాళం గోడ చిట్లగానే దాని వెనక ఉండే టిష్యూ ఫ్యాక్టర్‌కి రక్తం తగులుతుంది, అది ఏడో ఫ్యాక్టర్‌తో జతకట్టి పదో ఫ్యాక్టర్‌ని లేపుతుంది, లేచిన పదోది ప్రోథ్రాంబిన్ అనే రెండో ఫ్యాక్టర్‌ని కోసి థ్రాంబిన్ చేస్తుంది. ఇక ఆ థ్రాంబిన్ చేతికే పెత్తనం వచ్చేస్తుంది. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్‌ని కోసి ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది, ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది, వెనక్కి తిరిగి ఐదు, ఎనిమిది, పదకొండు ఫ్యాక్టర్లను కూడా లేపి తనలాంటి థ్రాంబిన్‌నే ఇంకా ఇంకా తయారు చేయించుకుంటుంది. ఒక్క పదో ఫ్యాక్టర్ అణువు చలవతో దాదాపు వెయ్యి థ్రాంబిన్ అణువులు పుడతాయంటారు. మొదట్లో చిన్నగా మొదలైంది సెకన్లలో కొండంత అవుతుంది. దెబ్బ తగిలినప్పుడు మన ప్రాణం కాపాడేది ఇదే, కదలకుండా నిలిచిపోయిన రక్తంలో మొదలైతే ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే. బాబాయి లాంటి వాళ్లకి గుండె పైగది సరిగ్గా ముడుచుకోక, దాని పక్కన ఉండే చిన్న సంచిలో రక్తం నిలవ ఉండి గడ్డ కడుతుంది, అది కొట్టుకుపోయి మెదడులో ఇరుక్కుంటే పక్షవాతం.

వార్ఫరిన్ సంగతికి వస్తాను. దీని కథ నాకు చాలా ఇష్టం. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తినడమే కారణమని పశువైద్యులు కనిపెట్టారు. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు మంచు తుఫానులో బండి తోలుకుంటూ, చచ్చిపోయిన పెయ్యనీ, ఆ గడ్డినీ, ఒక పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్నీ తీసుకొచ్చి కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో పెట్టాడు. అందులోంచి రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకుమరాల్ అనే పదార్థాన్ని విడదియ్యడానికి లింక్ బృందానికి ఆరేళ్లు పట్టింది. దాని తమ్ముడే వార్ఫరిన్, 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1954లో మనుషుల మందు అయింది. ఎలుకల మందు అనగానే భయపడేవాళ్లని రోజూ చూస్తాను. మోతాదు తేడానే మందుకీ విషానికీ తేడా, అందుకే ఆ టెస్టు అంత జాగ్రత్తగా చేస్తాం.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. గొట్టంలో తీసిన రక్తంలో నేరుగా వార్ఫరిన్ కలిపి చూడండి, ఏమీ జరగదు, రక్తం మామూలుగానే గడ్డకట్టేస్తుంది! ఎందుకంటే ఈ మందు పట్టుకునేది రక్తంలో కాదు, కాలేయంలో. రెండు, ఏడు, తొమ్మిది, పది ఫ్యాక్టర్లను కాలేయం తయారుచేసి పంపేటప్పుడు చివర్లో వాటికి కాల్షియాన్ని పట్టుకునే కొక్కేలు తగిలిస్తుంది, ఆ పనికి విటమిన్ కె కావాలి. వాడిన విటమిన్ కె మళ్లీ పనికొచ్చే రూపంలోకి మారడాన్ని వార్ఫరిన్ అడ్డుకుంటుంది. దాంతో కొక్కేలు లేని ఫ్యాక్టర్లు బయటికొస్తాయి, రక్తంలో తిరుగుతుంటాయి గానీ ప్లేట్‌లెట్ల మీద పట్టు దొరక్క దేనికీ పనికిరావు. కానీ ముందే తయారై రక్తంలో ఉన్న మంచివి ఖర్చయ్యేదాకా ఆగాలి కదా. ఏడో ఫ్యాక్టర్ ఆరేడు గంటల్లో సగానికి పడిపోతుంది, రెండో ఫ్యాక్టర్‌కి రెండున్నర రోజులు పడుతుంది. ఐఎన్‌ఆర్ ముందుగా కనిపెట్టేది ఏడోదాని లోటునే, కాబట్టి మూడో రోజుకే రిపోర్టులో 2 కనిపించినా అసలు థ్రాంబిన్ అయ్యే రెండోది ఇంకా బోలెడు మిగిలే ఉంటుంది. పైగా గడ్డని అదుపులో ఉంచే ప్రోటీన్ సి కూడా విటమిన్ కె మీదే ఆధారపడుతుంది, అది కూడా తొందరగానే తగ్గిపోతుంది, అంటే మొదటి రోజుల్లో గడ్డకట్టే ప్రమాదం తగ్గకపోగా కాస్త పెరగొచ్చు కూడా. కాల్లో గడ్డ కట్టిన మనిషికి వార్ఫరిన్ మొదలుపెట్టాక కూడా కనీసం ఐదు రోజులు, ఐఎన్‌ఆర్ 2 దాటి ఒక రోజు నిలిచేదాకా, హెపారిన్ ఇంజెక్షన్లు ఆపకపోవడానికి కారణం ఇదే. అంకె బాగానే ఉంది కదా సూదులెందుకు అని విసుక్కునేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

ఆకుకూరల గురించి కూడా అందరూ అడుగుతారు. మానేయక్కర్లేదండీ, వాటిలో విటమిన్ కె ఉంటుంది కాబట్టి ఒక వారం అస్సలు తినకుండా ఇంకో వారం రెండు పూటలా తినకండి, రోజూ ఇంచుమించు ఒకేలా తింటే మోతాదు దానికి తగ్గట్టే కుదురుకుంటుంది. వాటికంటే మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కునేవే ఎక్కువ ప్రమాదం. మెట్రోనిడజోల్, ఫ్లూకోనజోల్ లాంటివి ఐఎన్‌ఆర్‌ని అమాంతం పెంచేస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావం తెచ్చిపెట్టగలవు, అది వార్ఫరిన్‌కే కాదు, బాబాయి మందుకీ వర్తిస్తుంది.

హెపారిన్ దీనికి పూర్తిగా వేరు. 1916లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి జాన్స్ హాప్కిన్స్‌లో కుక్క కాలేయంతో పనిచేస్తూ దీని జాడ పట్టాడు, గ్రీకులో కాలేయాన్ని హెపార్ అంటారు, పేరు అలా వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. దీన్ని రక్తంలో కలిపిన మరుక్షణం పనిచేస్తుంది, మా ల్యాబ్‌లో ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండేది ఇదే. హెపారిన్ తనంతట తను ఏ ఫ్యాక్టర్‌నీ ఆపదు. మన రక్తంలోనే యాంటీథ్రాంబిన్ అనే కాపలాదారు ఉంటాడు, మామూలుగా నిదానంగా పనిచేస్తాడు, హెపారిన్ వెళ్లి పట్టుకుంటే అతని వేగం వెయ్యి రెట్లు పెరుగుతుంది. థ్రాంబిన్‌ని పట్టాలంటే హెపారిన్ గొలుసు పొడుగ్గా ఉండాలి, ఒక కొస యాంటీథ్రాంబిన్‌ని, ఇంకో కొస థ్రాంబిన్‌ని పట్టుకుని రెంటినీ దగ్గరికి లాగాలి. పదో ఫ్యాక్టర్‌కి అంత పొడుగు అక్కర్లేదు, ఐదు చక్కెర ముక్కల గొలుసు చాలు. గొలుసుని చిన్న ముక్కలు చేస్తే వచ్చిందే ఎనోక్సాపరిన్, పొట్ట చర్మం కింద వేసే సూది మందు, ఎక్కువగా పదోదాన్ని పట్టుకుంటుంది. ఆ ఐదు ముక్కలనే విడిగా తయారుచేస్తే ఫోండాపరినక్స్, అది పట్టుకునేది పదోదాన్ని మాత్రమే.

టెస్టు దగ్గరికి వచ్చేసరికి వీటి తీరే వేరు. నరంలోకి ఎక్కించే మామూలు హెపారిన్‌ని ఏపీటీటీ అనే ఇంకో రకం గడ్డకట్టే పరీక్షతో చూస్తాం, మామూలుకంటే ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు సాగేలా ఉంచుతారు. ఎనోక్సాపరిన్‌కి ఏపీటీటీ పెద్దగా కదలదు, కావాలంటే పదో ఫ్యాక్టర్‌ని మందు ఎంత ఆపుతోందో కొలిచే యాంటీ టెన్ ఏ అనే వేరే పరీక్ష చెయ్యాలి, చాలామందికి అదీ అక్కర్లేదు. హెపారిన్ ఆపితే గంటా గంటన్నరకి సగం పోతుంది, తొందరపడాల్సి వస్తే విరుగుడుగా ప్రోటమిన్ ఇస్తారు. అదే ప్రోటమిన్ ఎనోక్సాపరిన్‌ని సగం పైచిలుకు మాత్రమే తీస్తుంది, ఫోండాపరినక్స్ మీద అసలు పనిచెయ్యదు. హెపారిన్ మొదలుపెట్టిన ఐదు నుంచి పది రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే మాత్రం మేము వెంటనే వార్డుకి ఫోన్ చేస్తాం, కొద్దిమందిలో హెపారిన్ మీద పుట్టే యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి, మందు వల్లే గడ్డలు కట్టేలా చేస్తాయి. గర్భిణులకి హెపారిన్ ఇంజెక్షన్లు ఎంచుకోవడానికి కారణం, అవి మాయ దాటి బిడ్డ దాకా వెళ్లవు, వార్ఫరిన్ వెళుతుంది.

ఇక బాబాయి మాత్ర. అపిక్సబాన్, రివరాక్సబాన్, ఎడాక్సబాన్, ఈ మూడూ ఏ కాపలాదారుడి సాయమూ లేకుండా నేరుగా వెళ్లి పదో ఫ్యాక్టర్ నోట్లో గుడ్డ కుక్కినట్టు కూర్చుంటాయి. డాబిగాట్రాన్ అదే పని థ్రాంబిన్‌కి చేస్తుంది, అణువు చిన్నది కాబట్టి గడ్డలో ఇరుక్కుని ఉన్న థ్రాంబిన్‌ని కూడా చేరుకుంటుంది, హెపారిన్ జట్టు అంత లోపలికి దూరలేదు. వీటికి రక్తంలో ఉన్న ఫ్యాక్టర్లు ఖర్చయ్యేదాకా ఆగే పని లేదు, వేసుకున్న కొన్ని గంటల్లోనే పూర్తి పట్టు వస్తుంది. అంత మంచి పట్టు ఉంటే ఐఎన్‌ఆర్ ఎందుకు కదల్లేదు అని బాబాయి అడిగాడు. నేను పీటీ పరీక్షలో వేసే థ్రాంబోప్లాస్టిన్ చాలా బలమైన తోపు బాబాయ్, ఒంట్లో ఎప్పుడూ జరగనంత గట్టిగా ఒకేసారి తోస్తాం, ఆ తోపు ముందు అపిక్సబాన్ అడ్డు పెద్దగా కనపడదు, రివరాక్సబాన్ అయితే కొన్ని రీఏజెంట్లతో కాస్త సాగొచ్చు, దాన్నిబట్టి కూడా మోతాదు తేల్చలేం అని చెప్పాను. 1.1 అంటే మందు లేదని అర్థం కాదు, ఆ టెస్టు ఆ మందుని చూడలేదని అర్థం. డాబిగాట్రాన్ అయితే థ్రాంబిన్ టైమ్ అనే పరీక్షలో రవ్వంత ఉన్నా పట్టుబడిపోతుంది. అపిక్సబాన్‌కి అవసరం పడితే దానికోసమే సరిచేసిన యాంటీ టెన్ ఏ పరీక్ష ఉంది, అది కూడా పెద్ద ఆపరేషన్ ముందో, రక్తస్రావం అయినప్పుడో. నెలనెలా చూడాల్సిన పని లేదు. చూడాల్సింది కిడ్నీలని. డాబిగాట్రాన్‌లో 80 శాతం కిడ్నీల గుండానే పోతుంది, అపిక్సబాన్‌లో నాలుగో వంతు పైన. కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది, కాబట్టి క్రియాటినిన్ టెస్టు వీళ్లు మానకూడదు.

దీనికి ఇంకో వైపు ఉంది, అది చెప్పేటప్పుడు బాబాయి గొంతు కాస్త తగ్గింది. వార్ఫరిన్ ఒక పూట మర్చిపోతే ఐఎన్‌ఆర్ కాస్త జారుతుంది గానీ రక్షణ అంతా ఒక్కసారిగా పోదు, నాలుగైదు రోజుల దాకా దాని నీడ ఉంటుంది. అపిక్సబాన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 12 గంటలు చాలు, రెండు పూటలు తప్పిస్తే ఆ మనిషికి రక్షణ చాలావరకు పోయినట్టే. "పోయిన నెల ఊరెళ్లినప్పుడు ఒకటిన్నర రోజు వేసుకోలేదమ్మా, ఏమీ కాలేదు కదా అనుకున్నా" అన్నాడు. ఏమీ కాకపోవడం అదృష్టం. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే అదే రోజు వేసుకుని మళ్లీ మామూలు వేళలకి రావాలి, పోయినదానికి బదులని రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు. కారణం వేరే అయినా, ఆయన ఆదివారం రాత్రి చెయ్యబోయింది రెండు కలిపి వేసుకోవడమే.

మరి నా స్నేహితుణ్ణి కూడా ఈ మాత్రకే మారిపొమ్మననా, టెస్టుల బాధ తప్పుతుంది కదా అన్నాడు. వద్దు అని గట్టిగా చెప్పాను. లోహపు వాల్వు ఉన్నవాళ్లలో డాబిగాట్రాన్ ప్రయత్నించిన అధ్యయనాన్ని 2012లో మధ్యలోనే ఆపేశారు, వార్ఫరిన్ వాడినవాళ్లకంటే డాబిగాట్రాన్ వాడినవాళ్లలోనే గడ్డలూ ఎక్కువ, రక్తస్రావాలూ ఎక్కువ. 2022లో అపిక్సబాన్‌తో చేసిన అధ్యయనం కూడా అలాగే ముందే ఆగిపోయింది. లోహం మీద రక్తం తగులుతూ ఉంటే నిరంతరం థ్రాంబిన్ పుడుతూనే ఉంటుంది, ఒక్క చోట అడ్డంపడే మందు దాన్ని తట్టుకోలేకపోయిందనీ, వార్ఫరిన్ నాలుగు ఫ్యాక్టర్లనీ ఒకేసారి తగ్గిస్తుంది కాబట్టే అక్కడ నిలబడిందనీ చాలామంది నిపుణులు అనుకుంటున్నారు. వాతజ్వరం వల్ల మిట్రల్ వాల్వు బాగా సన్నబడిన వాళ్లకి కూడా ఇప్పటికీ వార్ఫరినే.

ఇంకో మాట, వీటిలో ఏదీ కట్టేసిన గడ్డని కరిగించదు. పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతాయి, ఉన్నదాన్ని మన ఒంట్లోని ప్లాస్మిన్ అనే ఎంజైము నెమ్మదిగా కొరుక్కుంటూ పోతుంది. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో ఆల్టిప్లేస్ లాంటి మందు ఇచ్చేది కరిగించడానికి, అది వేరే జాతి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ పట్టుకునేది ప్లేట్‌లెట్లని, అవి ఇంకో జాతి.

ఫోన్ పెట్టేముందు ఒక కాగితం మీద మందు పేరు, మోతాదు, వేసుకునే వేళలు, కిడ్నీ టెస్టు తేదీ రాసి పర్సులో పెట్టుకోమన్నాను. పన్ను పీకినా, కింద పడి తలకి దెబ్బ తగిలినా మొదట అడిగేది ఏ మందు, చివరి మాత్ర ఎన్నింటికి అని. ఎందుకంటే డాబిగాట్రాన్ అయితే నిమిషాల్లో పనిచేసే ఇడారుసిజుమాబ్ అనే విరుగుడు ఉంది, వార్ఫరిన్ అయితే విటమిన్ కె, దానితోపాటు ఫ్యాక్టర్లున్న కాన్సంట్రేట్ ఎక్కిస్తారు, బాబాయి మందుకి విటమిన్ కె ఇచ్చి ఏం లాభం లేదు.

బుధవారం పొద్దున మళ్లీ ఫోన్ చేశాడు. కాగితం రాసుకున్నాడట, స్నేహితుడికి కూడా ఒకటి రాసిపెట్టమంటున్నాడు. "నీ కాగితాన్నే జిరాక్స్ తియ్యకు బాబాయ్" అన్నాను. "తెలుసమ్మా, వాడిది వార్ఫరిన్, లోహపు వాల్వు, చివరి ఐఎన్‌ఆర్ ఎంతో కనుక్కున్నా, 2.9" అని చదివి వినిపించాడు.